మోకాలి కింద ఎర్ర గీత

బుల్లబ్బాయికి చెట్టంటే భయం లేదు. అరవై అడుగుల కొబ్బరిచెట్టు మొవ్వులో కూర్చుని, కింద నుంచి ఎవరైనా పలకరిస్తే ఒక చెయ్యి వదిలేసి మరీ జవాబు చెప్పే మనిషి. తుపాను గాలి మొదలై చెట్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నా, ఆఖరి గెల కోసి గాని దిగేవాడు కాడు. అలాంటి మనిషికి మూడు కాళ్ల మీద నిలబెట్టిన చెక్కపెట్టె ఒకటి చూడగానే నోట్లో తడారిపోయింది.

పెట్టెకు ముందు వైపు ఇత్తడి గొట్టం, గొట్టానికి గాజు కన్ను. ఆ కన్ను సూటిగా అతని కుడికాలి వైపే చూస్తోంది.

"ఏం చేత్తాదండది?" అని అడిగాడు.

"ఏమీ చెయ్యదు. చూస్తుంది," అన్నాడు డ్రెస్సరు సాలమోను.

"చూసి?"

"చూసింది చూసినట్టు పెద్ద డాక్టరుగారికి చెబుతుంది."

డ్రెస్సరంటే డాక్టరు కాదు. పుళ్లు కడిగి, కట్లు కట్టి, సీసాలో మందు పోసి ఇచ్చేవాడు. సాలమోను ఆ పని మద్రాసులో రెండేళ్లు నేర్చుకుని వచ్చాడు. ఆనకట్ట కట్టి, కాలువలు తవ్వి, వాటి మీద పడవలు తిరగడం మొదలయ్యాక, రెండు వారాలకోసారి పడవలో వచ్చి మామిడికుదురు దగ్గర కాలువ గట్టున తాటాకు పాకలో రెండు రోజులు ఉండి పోయేవాడు. అసలు డాక్టరు రాజమహేంద్రవరంలో ఉన్నాడు. జిల్లా అంతటికీ ఆయనొక్కడే దొర డాక్టరు. గోదావరి పాయలు దాటి ఈ లంకల్లోకి వస్తానని మూడుసార్లు కబురు చేశాడు. మూడుసార్లూ రాలేదు. నాలుగోసారి తనకు బదులు ఈ పెట్టెను పంపాడు. పాయలు దాటడం మనిషికి కష్టం గాని పెట్టెకు కష్టం కాదు కదా! రోగిని బొమ్మ తీసి గాజుపలక పంపితే, ఆయన కుర్చీలోంచి కదలకుండానే చూసి, ఏం చెయ్యాలో రాసి పంపుతాడట.

బుల్లబ్బాయి గాయం రెండు నెలల నాటిది. మట్ట నరుకుతుంటే, కాయలు దింపే దింపుకత్తి జారి, కుడి మోకాలికీ చీలమండకీ నడుమ ఎముక మీద పడింది. పసరు కట్టారు, మానలేదు. చీము పట్టింది. పాదం బూరెలా పొంగింది. సాలమోను కడగడం మొదలుపెట్టాక కాస్త తగ్గింది గాని, లోపల ఎముక పెచ్చు ఏదైనా ఉండిపోయిందేమో, కోసి తీయాలో వద్దో అతనికి తేల్చుకోవడం చేతకాలేదు. అందుకే ఈ బొమ్మ.

"లోపల కూడా కనపడతాదాండీ దానికి?" అని బుల్లబ్బాయి మళ్లీ అడిగాడు.

సాలమోను ఆ పెట్టె విద్య ఆరు వారాలు నేర్చుకుని వచ్చాడు. కొత్తగా విద్య వచ్చినవాడికి ఉండే గీర అతనికీ ఉంది. "మన కంటికి కనపడనివి కూడా దానికి కనపడతాయి," అన్నాడు.

అనవలసిన మాట కాదది. కాని అనేశాడు.

అతను నల్లగుడ్డ డేరాలో దూరి గాజుపలకకు బొమ్మ పట్టే మందు పూస్తుండగా, బుల్లబ్బాయి పెళ్లాం మరిడమ్మ కాలువ నీళ్లు తెచ్చి మొగుడి కాలు కడిగింది. కడిగి ఊరుకోలేదు. ఆ రోజు శుక్రవారం. కొంగున మూట కట్టి తెచ్చుకున్న పసుపు ముద్ద విప్పి, పుండు చుట్టూ, మోకాలి దగ్గర నుంచి గోళ్ల దాకా పట్టించింది. పుండుకి మంచిది, పెద్దమనిషి ముందుకి వెళ్లేటప్పుడు శుభమూను. అరచేతిలో మిగిలినది తన పాదాలకు రాసుకుంది. చల్లటి పసుపు తగిలితే బుల్లబ్బాయికి కాస్త ప్రాణం కుదుటపడినట్టయింది. వద్దనలేదు.

సాలమోను తడిపలక పట్టుకుని పరుగున బయటికి వచ్చాడు. కాలు చూసి నిలబడిపోయాడు. "ఇదేంటి మరిడమ్మా! కాలికి ఏమీ రాయొద్దన్నానా, లేదా?"

"పసుపేనండి. మందు కాదండి."

పలక తడారేలోపు పని అయిపోవాలి. మళ్లీ కడిగే వ్యవధి లేదు. "సర్లే. ఇందులో రంగులు పడవు, నలుపూ తెలుపే. పసుపు లేత రంగు గనక తెల్లగా పడుతుంది. పుండు ఇంకా బాగా కనపడుతుంది," అని తనకు తనే చెప్పుకుని పలకను పెట్టెలో దించాడు.

కాలు పీట మీద పెట్టించాడు. ముప్పై లెక్కపెట్టేదాకా కదలకూడదన్నాడు. ఒంటికాలి మీద బుల్లబ్బాయి అంతసేపు నిలబడలేడని మరిడమ్మ పక్కన నిలబడి, అతని చెయ్యి తన భుజాన వేసుకుంది.

"నేను కూడా పడతానా అందులో?"

"పడతావు. నువ్వూ కదలకు. మాట్లాడకు."

"ఇంటికాడ మాట్లాడద్దంటే ఈవిడెప్పుడైనా ఇన్నదాండీ?" అన్నాడు బుల్లబ్బాయి, నవ్వాలని చూసి. నవ్వు రాలేదు. గొట్టం మూత తీశారు. ఒకటి, రెండు, మూడు. ఆ గాజు కన్ను తోలు దాటి, కండ దాటి, ఎముక దాకా దిగుతున్నట్టు అనిపించింది. పదిహేడు దగ్గర అతనికి లెక్క తప్పింది. మూత పెట్టేశాక కూడా చాలాసేపు కాలు కదపలేదు.

సాలమోను పలకను డేరాలో కడిగి, ఆరబెట్టి, దూదిలో చుట్టి, తవుడు పోసిన పెట్టెలో దాచి పడవెక్కించాడు. గాజు మీద నలుపు తెలుపులు తారుమారుగా పడతాయి; దాని నుంచి కాగితం మీదికి బొమ్మను తిన్నగా దింపే సరంజామా పట్నంలోనే ఉంది. ఆ బొమ్మ ఎలా వచ్చిందో తీసినవాడికే తెలియదు.

*

సరిగ్గా రెండు వారాలకు, మళ్లీ శుక్రవారం పొద్దున్నే పడవ వచ్చింది. బుల్లబ్బాయిని దోనెలో తీసుకొచ్చిన బావమరిది రాఘవులు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. సాలమోను చేతిలో మందులపెట్టె కాక ఇంకో పెట్టె ఉంది. తోలుది. పొడుగ్గా, సన్నగా ఉంది.

"బావా, ఈసారి సన్నాయి తెచ్చినట్టున్నాడు," అన్నాడు రాఘవులు.

బుల్లబ్బాయి ఆ పెట్టెను చూడలేదు. సాలమోను మొహం చూశాడు. ఆ మనిషి ఎప్పుడూ గట్టు దిగుతూనే "ఎలా ఉందిరా కాలు?" అని కేకేసేవాడు. ఇవాళ తలెత్తలేదు. తిన్నగా పాకలోకి పోయి, పెట్టె మూలన పెట్టి, దాని మీద తువ్వాలు కప్పాడు. కప్పడంతో అందులో ఏముందో అందరికీ తెలిసిపోయింది.

"కాగితం వచ్చింది," అన్నాడు.

"ఆయ్."

"కాలు మోకాలి కింద నుంచి కుళ్లి నల్లబడిపోయిందిట. తీసెయ్యమని రాసేరు. ఆలస్యం చేస్తే ప్రాణం దక్కదన్నారు."

మరిడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బుల్లబ్బాయి మాత్రం, తనకు కాక వెనకాల ఎవరికో చెప్పినట్టు, ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"నెప్పి తగ్గిందండి," అన్నాడు. "వాపు తీసిందండి. మొన్న కర్ర లేకుండా నూతి దాకా నడిచేనండి. అడగండి దీన్ని."

"నడిచేడండి," అంది మరిడమ్మ.

సాలమోను వంగి కట్టు విప్పాడు. పాదం నొక్కాడు. వెచ్చగా ఉంది. గోరుతో గిచ్చితే బుల్లబ్బాయి కాలు లాక్కున్నాడు. నల్లదనం ఎక్కడా లేదు. ఎండలో తిరిగే దింపువాడి కాలు ఏ రంగులో ఉండాలో ఆ రంగులోనే ఉంది. సాలమోను చాలాసేపు ఆ కాలినే చూశాడు. అతని చెయ్యి ఒకటి చెప్తోంది. జేబులో కాగితం ఇంకోటి చెప్తోంది. చెయ్యి తనది. కాగితం దొరది.

"పైకి బాగానే ఉంది," అన్నాడు చివరికి.

"మరేంటండి?"

"లోపల కుళ్లింది. మనకి తెలీదు. అద్దానికి కనపడింది."

రెండు వారాల కిందట గీరకొద్దీ అన్న మాట అది. ఇప్పుడు దానికి తనే కట్టుబడిపోయాడు. మనసులో ఏ మూలో అనుమానం ఉంది. కాని అరవై మైళ్ల అవతల కూర్చున్న దొరకు కనపడింది నాకు కనపడలేదని రాయడానికి, ఆ రోజుల్లో ఒక డ్రెస్సరుకు ఎన్ని గుండెలుండాలి? పైగా దొర మాట నిజమై ఈ మనిషి చచ్చిపోతే? అదొక భయం. కొయ్యడం ఇంకో భయం. అతను ఇంతవరకు కాలు కొయ్యలేదు. కోస్తుంటే రెండుసార్లు పట్టుకున్నాడంతే.

ఆ మాట విన్న దగ్గర నుంచి బుల్లబ్బాయికి కాలు బరువెక్కింది. పొద్దున్న లేని నెప్పి మొదలైంది. లోపల ఏదో నల్లగా, మెత్తగా, పైకి పాకుతున్నట్టుంది. నిన్నటిదాకా తన కాలు తనకు తెలుసు. ఇప్పుడు తనకంటే ఆ పెట్టెకే బాగా తెలుసు.

"కాలు లేకపోతే చెట్టెలా ఎక్కుతాడండి?" అంది మరిడమ్మ. "ఈయనకి ఇంకో పని రాదండి. నేల మీద ఈయన దేనికీ పనికిరాడండి."

"ప్రాణం ఉండాలి కదా ముందు."

"మరేం పర్లేదు బావా," అన్నాడు రాఘవులు. "ఒంటి కాలికి బందం తాడు ఏసుకుని సగం చెట్టు ఎక్కుదువు గాని. మిగతా సగం నేనెక్కుతాను." హాస్యమాడబోయాడు గాని, ఎవరూ నవ్వలేదు. గట్టు మీదికి పోయి మొహం కడుక్కుని వచ్చాడు.

పొద్దు ఉండగానే చెయ్యాలి, వెలుతురు కావాలన్నాడు సాలమోను. పాక తలుపు ఊడదీసి రెండు పీపాల మీద బల్లలా పరిచారు. బుల్లబ్బాయిని పడుకోబెట్టారు. కొబ్బరితాడు నడుముకొకటి, ఎడమకాలికొకటి కట్టారు. ఆ తాడు అతను పేనిందే. ఎంత బరువుకు తెగుతుందో అతనికి తెలుసు. తెగదని కూడా తెలుసు. మూలన తువ్వాలు తీసిన చప్పుడైంది. ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడైంది. సీసా మూత తియ్యగానే పండు మురిగినట్టు తియ్యటి వాసన పాకంతా నిండింది. అతని పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అరవై అడుగుల ఎత్తున ఏనాడూ కొట్టుకోని పళ్లు.

"డ్రెస్సరుగారండి."

"ఏంటి?"

"ఒక్కసారి ఆ బొమ్మ చూపించండి. నా కాలు నేను చూసుకుంటాను."

సాలమోను జేబులోంచి తీసి ఇచ్చాడు. అరచెయ్యంత కాగితం. బుల్లబ్బాయి కాలువ నీళ్లలో తప్ప తన మొహం చూసుకుని ఎరగడు. ఉన్నాడు, కళ్లు పెద్దవి చేసుకుని, తిట్లు తిన్నవాడిలా నిలబడి ఉన్నాడు. పక్కన మరిడమ్మ, మాట్లాడకుండా. కిందికి చూశాడు. ఎడమకాలు కాలులాగే ఉంది. పీట మీది కుడికాలు మోకాలి కింద నుంచి నల్లగా, తగలబడిన మట్ట మొదలులా ఉంది. దాని మీద ఎర్రసిరాతో అడ్డంగా ఒక గీత. ఎంత తిన్నగా గీశాడో!

నిజమే. కుళ్లిపోయింది.

అప్పుడు, కాగితం వెనక్కి ఇచ్చేయబోతూ, పీట పక్కన చూశాడు. చీర కుచ్చిళ్ల కింద రెండు చిన్న పాదాలు. వేళ్లకు తెల్లగా మెట్టెలు. మెట్టెలు తప్ప మిగతా అంతా నలుపు. చీలమండల దాకా, తన కాలికంటే నల్లగా.

బుల్లబ్బాయి మరిడమ్మ వైపు చూశాడు. రెండు నెలలుగా తన చీము ఒట్టి చేతులతో కడిగింది. ఆ నీళ్లు ఆ పాదాల మీదే పారాయి. అంటుకుంది. తన కుళ్లు దానికి అంటుకుంది. దొర చూడలేదు, గీత ఒక్క కాలి మీదే గీశాడు. ఈ డ్రెస్సరూ చూడలేదు. చూస్తే ఒకటి కాదు, రెండూ తీసేస్తారు. ఇవాళే, ఈ బల్ల మీదే.

బొటనవేలు తెచ్చి ఆ పాదాల మీద పెట్టాడు. గట్టిగా నొక్కి పట్టాడు.

"చూసేనండి. చాలండి. కానియ్యండి తొరగా."

"కాగితం ఇలా ఇయ్యి."

"ఉండనీండి నా కాడ."

సాలమోను గుడ్డ మడత పెట్టి మత్తుమందు చుక్కలు వేస్తున్నాడు. బుల్లబ్బాయి మెడ తిప్పి, తన తల కదలకుండా పట్టుకుని నిలబడ్డ రాఘవులుతో గుసగుసగా అన్నాడు: "ఒరే, మీ అక్కని దోనెలో ఎక్కించుకుని పోరా. ఇప్పుడే పో. కాలవ దాటించెయ్. నేను లేచేతలికి అది ఇక్కడ ఉండకూడదు."

ఎంత గుసగుసగా చెబితే మాత్రం, పదేళ్లు కాపరం చేసిన మనిషికి వినపడదా? మరిడమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. ఇందాకటిదాకా కాలు బాగుందన్న మనిషి ఇప్పుడు తొరగా కానియ్యమంటున్నాడు. కాగితం వదలడు. తనను పొమ్మంటున్నాడు.

"ఏం దాత్తన్నావయ్యా?"

"ఏం లేదు. నువ్ పోవే."

"ఏలు తియ్యి."

"సూడకే మరిడీ, నీకు దణ్ణం పెడతాను, సూడకు." అతను ఏడుస్తున్నాడు.

ఆమె వేలు విరిచినంత పని చేసి లాక్కుంది. చూసింది. ఉన్నపళాన నేల మీద కూలబడి, కుచ్చిళ్లు పైకి లాగి, తన పాదాలు చూసుకుంది. ఒత్తింది. గిల్లింది. పొద్దున్నే రాసుకున్న పసుపు ఎండకు పచ్చగా మెరుస్తోంది. కాగితం చూసింది. మళ్లీ పాదాలు చూసింది. కాగితంలో మొగుడి ఎడమకాలు చూసింది. దానికి ఆ రోజు తను పసుపు రాయలేదు.

లేచింది. బల్ల మీద, రంపం పక్కన, తన కుడిపాదం ఎత్తి పెట్టింది.

"డ్రెస్సరుగారండి, ముందు నావి కొయ్యండి."

"నీకేం పిచ్చా? కాలు తియ్యి."

"నావి కూడా కుళ్లిపోయేయండి మీ అద్దంలో. ఇగోండి. ఈయనవి ఒక్కటేనండి, నావి రెండూనండి. కొయ్యండి ముందు. అడిగేవాళ్లెవరండి మిమ్మల్ని!"

సాలమోను కాగితం తీసుకున్నాడు. పదిసార్లు చూసిన బొమ్మే. ఎర్రగీత ఉన్నచోటే చూశాడు గాని, పక్కన ఏముందో ఇంతవరకు చూడలేదు. దొర కూడా చూసి ఉండడు, చూసినా ఆడమనిషి నల్లజోళ్లు తొడుక్కుందనుకుని ఉంటాడు.

"ఆ రోజు ఈయన కాలికి రాసిన ముద్దలోంచే నేనూ రాసుకున్నానండి," అంది మరిడమ్మ. "రాసినకాడల్లా నలుపేనండి. రాయనికాడ లేదండి."

"పసుపు తెల్లగా పడాలి," అన్నాడు సాలమోను. ఎవరితో అన్నాడో తెలియదు.

"పడాలో వద్దో నాకేం తెల్సండి. తీసి చూడండి మళ్లీ."

గుడ్డ కింద పెట్టాడతను. "ఒక కాలు కడుక్కునిరా. ఒక్కటే. బాగా కడుగు," అన్నాడు.

మరిడమ్మ రేవులోకి దిగి, ఎడమపాదాన్ని ఇసకతో, కొబ్బరి పీచుతో తోలు ఊడేలా తోమింది. సాలమోను డేరా వేసి, పెట్టె నిలబెట్టి, పలకకు మందు పూశాడు. ఈ హడావుడిలో బుల్లబ్బాయి తాళ్లు విప్పాలని ఎవరికీ తట్టలేదు. తల తిప్పితే రంపం కనపడుతుంది. తిప్పకపోతే తాటాకుల కప్పు. ఆ తియ్యటి వాసన ఇంకా పోలేదు. బయట సాలమోను లెక్కపెట్టడం వినపడుతోంది. ఒకటి, రెండు, మూడు. తనూ లెక్కపెట్టాడు. ఈసారి లెక్క తప్పలేదు. ముప్పై అయ్యాక, డేరాలో నీళ్లు పోస్తున్న చప్పుడు, తరవాత ఏ చప్పుడూ లేదు. ఆ ఏ చప్పుడూ లేని కాసేపే అతనికి రంపంకంటే ఎక్కువ భయం వేసింది. ఇద్దరి కాళ్ల సంగతీ ఆ గాజు ముక్కలోనే ఉంది.

సాలమోను లోపలికి వచ్చాడు. తడిపలకను తన నల్లకోటుకు ఆనించి పట్టుకున్నాడు. వెనకాల నలుపు ఉంటే గాజు మీది తారుమారు బొమ్మ తిన్నగా కనపడుతుంది. రెండు పాదాలు. కడిగినది పాదంలా ఉంది. పసుపు ఉన్నది తారులో ముంచి తీసినట్టుంది.

సాలమోను పలకను జాగ్రత్తగా కింద పెట్టి, కట్లు తనే విప్పడం మొదలుపెట్టాడు. ముడులు రావడం లేదు. రాఘవులు చెయ్యి వెయ్యబోతే వద్దన్నాడు.

"నన్ను క్షమించు బుల్లబ్బాయ్," అన్నాడు ముడి వైపు చూస్తూ.

"ఆయ్," అన్నాడు బుల్లబ్బాయి.

*

ఆ సాయంత్రం సాలమోను దొరకు ఉత్తరం రాసి చింపేశాడు. రెండోది రాసి అదీ చింపేశాడు. చివరికి ఆ పలకే తవుడు పెట్టెలో పెట్టి, ఒక కాలికి పసుపు రాశాం, ఒక కాలికి రాయలేదు అని ఒక్క ముక్క రాసి పంపాడు. ఇక పని పోతుందని పడవ వచ్చినప్పుడల్లా భయపడుతూనే ఉన్నాడు. పోలేదు. జవాబూ రాలేదు. రెండు నెలలకు అన్ని తాలూకాలకూ ఒక ఉత్తర్వు వచ్చింది. బొమ్మ తీసేముందు రోగుల ఒంటి మీది పసుపు, కుంకుమ కడిగించవలెను, అట్లు కడగకుండుట డ్రెస్సర్ల అజాగ్రత్తగా భావించబడును అని. ఎవరి కాలు బల్ల మీద కట్టి అది నేర్చుకున్నారో అందులో లేదు. ఎవరు కనిపెట్టారో అంతకన్నా లేదు.

ఆషాఢంలో పుండులోంచి గోరంత ఎముక పెచ్చు దానంతట అదే ఊడి వచ్చింది. ఆ తరవాత మానింది. వానలు తగ్గాక బుల్లబ్బాయి కాళ్లకు బందం వేసుకుని, దింపుకత్తి నడుముకు దోపుకుని, మళ్లీ చెట్టెక్కాడు. సగం ఎక్కేసరికి కుడికాలు మోకాలి కింద, సరిగ్గా ఆ గీత గీసిన చోట వణుకు పుట్టింది. కాలిని చెట్టుకు అదిమి పట్టి, తగ్గేదాకా అక్కడే ఆగిపోయాడు.

"ఏవయ్యా, ఏంటాగిపోయేవు?" కింద నుంచి మరిడమ్మ కేకేసింది. ఆమె కాళ్లకు పసుపు ఉంది.

అతను పలికాడు. కాని కిందికి చూడలేదు. రెండు చేతుల్లో ఏ చెయ్యీ వదల్లేదు.